గోల్డ్‌క్లిఫ్‌లో ఒక రాతి మెట్టు

నిన్న నాన్నని వేల్స్‌లోని గ్వెంట్ లెవెల్స్‌కి తీసుకెళ్లాను. న్యూపోర్ట్ పక్కనే, సెవర్న్ సముద్రపాయ ఒడ్డున ఉన్న పల్లపు మేత భూములు. ఇక్కడ ఆటుపోట్ల తేడా 14 మీటర్ల దాకా ఉంటుంది. గట్టు లేకపోతే ఈ పచ్చిక అంతా ఉప్పునీటి పాలే.

పొలానికీ పొలానికీ మధ్య 'రీన్' అనే కాలువలు. కొన్నిచోట్ల కాలిబాట మీద పాత రాతి స్టైల్స్, అంటే దాటడానికి మెట్టులా నిలువుగా పాతిన బండలు. మనిషి కాలెత్తి దాటతాడు, ఆవు దాటలేదు. నాన్న ఒక బండ అంచుని అరచేత్తో తడిమి, "ఎన్ని కాళ్లు తొక్కితే రాయి ఇంత నున్నగా అవుద్దిరా!" అన్నారు. చాలాసేపు అక్కడే నిలబడ్డాం.

ఈ నేలను బాగుచెయ్యడం రోమన్ల కాలంలోనే మొదలైంది. 1878లో ఇక్కడి గోల్డ్‌క్లిఫ్ అనే ఊళ్లో దొరికిన ఒక రాయి మీద, రోమన్ సైన్యంలోని స్టటోరియస్ మాక్సిమస్ దళం ముప్ఫై మూడున్నర అంగల మేర పని చేసినట్టు చెక్కి ఉంది. అంత కచ్చితంగా కొలిచి రాసుకున్న ఆ సైనికుల మీద నాకు చెప్పలేనంత గౌరవం.

తర్వాత గోల్డ్‌క్లిఫ్ చర్చికి వెళ్లాం. 1607 జనవరి వరదకి గుర్తుగా గోడకి ఇత్తడి ఫలకం ఉంది. అప్పట్లో కొత్త ఏడాది మార్చిలో మొదలయ్యేది కాబట్టి, ఆ పాత లెక్క ప్రకారం దాని మీద 1606 అని ఉంటుంది. ఈ ఊళ్లో 22 మంది మునిగిపోయారు. అది చదివి చెప్పగానే నాన్న చెప్పులు విప్పి పక్కన పెట్టారు.

తిరిగొచ్చేటప్పుడు ఆ మెట్టు దగ్గర చెయ్యి అందించబోయాను. వద్దన్నారు. రాయిని పట్టుకునే దాటారు.