మనావాగ్ మాతకు మొక్కు చెల్లించుకున్నాం

అమ్మాయి పరీక్ష గట్టెక్కితే మనావాగ్ మాత దగ్గర, అంటే మనావాగ్ ఊరి గుళ్లోని మరియమాత దగ్గర, కొవ్వొత్తి వెలిగిస్తానని మొక్కుకున్నాను. తల్లి దయ, మొక్కు తీరింది. మనావాగ్ ఫిలిప్పీన్స్‌లోని పంగసినాన్ ప్రాంతంలో ఉంది; దగ్గర్లోని డగుపాన్‌లో డాక్టరు చదువుకు వచ్చిన మన పిల్లలు ఉన్నారు. వాళ్లని చూడ్డానికి వచ్చే అమ్మానాన్నలకు పనికొస్తుందని దారీ పద్ధతీ రాస్తున్నాను. గుణదల కొండ ఎక్కినవాళ్లకు ఇక్కడి భక్తి కొత్తగా ఉండదు.

మనీలాలో కుబావొ నుంచి డగుపాన్‌కు బస్సులో నాలుగైదు గంటలు. నేరుగా గుడికే వెళ్లాలంటే ఉర్దనెటాలో దిగి జీప్నీ, అంటే ఇక్కడి షేర్ జీపు, ఎక్కాలి. డగుపాన్ నుంచైతే మంగల్దాన్ మీదుగా ఇరవై కిలోమీటర్ల లోపే. చార్జీ డబ్బులు పక్కవాళ్ల చేతికిస్తే చేతులు మారుతూ డ్రైవరుకు చేరతాయి. ఇచ్చేటప్పుడు ‘బయాద్ పొ’ (చార్జీ అండీ), దిగేచోట ‘పారా పొ’ (ఆపండి) అంటే చాలు.

డగుపాన్ నుంచి బయల్దేరేవాళ్లు ముందు సముద్రపు పోటు వేళ కనుక్కోవాలి. వానాకాలంలో, అందులోనూ అమావాస్య పున్నముల దగ్గర, వాన లేకపోయినా వీధుల్లోకి నీళ్లొస్తాయి. ఊరు పల్లం, చుట్టూ ఏటిపాయలూ చేపల చెరువులూ. అడుగున ఇసుకనేల, దాని నిండా నీరు. 1990 జూలై 16 సాయంత్రం 7.8 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు ఆ ఇసుక ఊగి ఊగి జావ అయిపోయింది. పెరెజ్ బులవార్డులో మేడలు నేలలోకి దిగబడ్డాయి, కొన్ని పక్కకి ఒరిగాయి. మగ్సాయ్‌సాయ్ వంతెన కూలింది. ఇప్పుడు పోటునీళ్లు నిలవకుండా రోడ్లు ఎత్తు చేస్తుంటే, ఎత్తు పెంచని ఇళ్లల్లోకి ఆ నీళ్లు వెళ్తున్నాయి. కాబట్టి తోలుచెప్పులు వద్దు, ఉప్పునీటికి పాడైపోతాయి. రబ్బరు చెప్పులు వేసుకుని, గుళ్లో కట్టుకునే బట్టలు సంచిలో పెట్టుకోండి. మోకాళ్లు కనిపించే బట్టలు అసలొద్దు.

ఇంత నీళ్లతో, ఇంత అదిరే నేలతో బతికేవాళ్లు మాతను ‘అపో బాకెట్’ అంటారు. ఇలొకానో అనే ఇక్కడి భాషలో గౌరవంగా పెద్దావిడ అని. మన ‘పెద్దమ్మ తల్లి’ అన్న పిలుపే. ఊరి పేరు కూడా పిలుపే; పంగసినాన్ భాషలో ‘తావగ్’ అంటే పిలవడం. ఇంటికి నడిచి వెళ్తున్న ఒక రైతును తల్లి పిలిచి కనబడిందన్న కథ నుంచే ఆ పేరు. దంతంతో చేసిన ఆ స్వరూపానికి 1926 ఏప్రిల్‌లో పోపు ప్రతినిధి కిరీటం పెట్టారు. గుడిని 2015లో బసిలికాగా, అంటే పోపు ప్రత్యేక గౌరవం ఇచ్చిన గుడిగా, ప్రకటించారు. డొమినికన్ సభ గురువులదే నిర్వహణ.

ఇక దర్శనం. ఇక్కడ చాలామంది పొరపడతారు. మాత పెద్ద పీఠం పైన ఎత్తులో ఉంటుంది. వెనకవైపు మెట్లెక్కి వెళ్తే అంగీ అంచు తాకవచ్చు, కానీ అక్కడ ముఖం కనబడదు. తిన్నగా క్యూలోకి వెళ్లినవాళ్లు ‘తల్లిని చూడలేదే’ అని బాధపడుతూ దిగుతారు. అందుకని ముందు దివ్యపూజకు కూర్చోండి, వీలైతే మధ్య వరుసలో, ముందువైపు. ముఖం చిన్నది, కిరీటం పెద్దది. దీపాల వెలుగులో చూపు ముందు కిరీటం మీదికే పోతుంది. కాస్త నిదానించి చూస్తే ఆ కిందే ఒక నిబ్బరమైన ముఖం, చేతిలో బాలయేసు. అది చూశాకే మెట్ల దగ్గరికి వెళ్లాలి.

శని, ఆదివారాల్లో, అక్టోబరు నెలలో ఆ క్యూ చెప్పనలవి కాదు. 2020లో ఈ వైపు వచ్చే ఎక్స్‌ప్రెస్‌వే ఉత్తరాన రొసారియో అనే ఊరి దాకా పూర్తయింది. మనీలా జనం పొద్దున వచ్చి సాయంత్రానికి తిరిగి వెళ్లిపోతారు. మెట్ల మీద సెల్ఫోన్లు పైకెత్తి నిలబడిపోయేవాళ్లని చూస్తే కడుపు మండింది. ప్రార్థన చేసుకునే చోట అంత తోపులాట ఏమిటి? పనిరోజు పొద్దున్నే వెళ్తే ఈ బాధ తగ్గుతుంది.

తాకడానికి దొరికేది రెండు మూడు క్షణాలు. అంగీ అంచుకు అద్దే జేబురుమాలు ముందే మడిచి చేతిలో ఉంచుకోవాలి. సంచిలో వెతుక్కుంటూ ఉంటే వంతు దాటిపోతుంది. నాదీ అలాగే దాటిపోబోయింది. నా వెనకే ఉన్న ఒక లోలా, అంటే ఇక్కడి అమ్మమ్మ, నా చేతిలో రుమాలు తీసుకుని తన రుమాలుతో కలిపి అంచుకు అద్ది, రెండు చేతులతో తిరిగి ఇచ్చింది. ‘సలామత్ పొ’ (ధన్యవాదాలండీ) అన్నాను, అంతకన్నా ఏం చెప్పాలో తెలియలేదు. ఆవిడ మెడలోని సంపగీత దండ వాసన రుమాలుకి అంటింది. సంపగీత అంటే మరేదో కాదు, మన మల్లెలే.

కొవ్వొత్తులు గుడి వెనక మంటపంలో. పక్కపక్కనే ఒత్తుగా నిలబెడితే వేడికి మెత్తబడి ఒకదాని మీద ఒకటి వాలిపోతాయి. అంచున ఖాళీ చూసుకుని, అడుగున మైనం కాస్త కరిగించి గట్టిగా నిలిపితే చివరిదాకా వెలుగుతుంది. కొత్త బండికి దీవెన కావాలంటే బానెట్, తలుపులు, డిక్కీ తెరిచి పెట్టి నిలబడాలి, గురువు వచ్చి తీర్థం చల్లుతారు. లోపల కాగితాలుంటే ముందే తీసేయండి.

బయట టుపిగ్ అనే పిండివంట కాలుస్తుంటారు. జిగురు బియ్యప్పిండి, బెల్లం లాంటి చక్కెర, కొబ్బరి కలిపి, అరటాకులో చుట్టి బొగ్గుల మీద కాల్చేది. ఆకు నల్లబడి ఉంటేనే లోపల ఉడికినట్టు. వేడిమీదే తినాలి, రాత్రికి గట్టిపడిపోతుంది. పిల్లలకు పట్టుకెళ్లేవాళ్లు జీప్నీ ఎక్కే ముందు చివరగా కొనండి.