ఐదింట మూడు వంతుల లెక్క

ఆదివారం, రాత్రి

ఈ పూటంతా అమెరికా రాజ్యాంగాన్ని తయారుచేసిన 1787 ఫిలడెల్ఫియా సభలో వర్జీనియా ప్రతినిధి జేమ్స్ మాడిసన్ రాసుకున్న నోట్సుతో, 1790 జనాభా లెక్కలతో గడిచింది. "అమెరికా రాజ్యాంగం నల్లవాణ్ణి మనిషిలో ఐదింట మూడు వంతులుగా చూసింది" అని తరచూ వింటుంటాం. ఆ మాట వెనక బాధ నిజమే. కానీ అలా చెబితే అసలు అన్యాయం ఎటునుంచి జరిగిందో తెలియకుండా పోతుంది. ఆ లెక్క, జనాభాను బట్టి రాష్ట్రాలకు ప్రతినిధుల సభలో (కేంద్ర చట్టసభ దిగువ సభలో) సీట్లు పంచడానికి వేసింది. స్వేచ్ఛగా బతికే నల్లవాళ్లను రాజ్యాంగం పూర్తిగానే లెక్కలో వేసింది. కోత పడింది బానిసల సంఖ్యకు. వాళ్లను కూడా పూర్తిగా లెక్కించాలని పట్టుబట్టింది దక్షిణ కరొలైనా ప్రతినిధులు, అంటే బానిసల యజమానులు. జూలై 11న ఆ తీర్మానానికి మూడు రాష్ట్రాలే ఒప్పుకున్నాయి, ఏడు కాదన్నాయి. ఓటు లేని మనిషిని ఎంత ఎక్కువగా లెక్కిస్తే అతని యజమానికి అంత బలం. బానిసకు మేలు చేసే అంకె ఏదన్నా ఉంటే అది సున్నా.

ఈ భిన్నం ఆ సభలో పుట్టింది కాదు. 1783లో రాష్ట్రాల మధ్య ఖర్చులు పంచడానికి కాంగ్రెసు, అంటే అప్పటి అమెరికా కేంద్ర సభ, దీన్ని ప్రతిపాదించింది. భారం మోయాల్సి వచ్చినప్పుడు దక్షిణాది తన బానిసల్ని తక్కువగా లెక్కించమంది. సీట్లు పంచుకునేటప్పుడు అదే నోటితో ఎక్కువగా లెక్కించమంది. 1787 జూలై 12న పెన్సిల్వేనియా ప్రతినిధి గవర్నూర్ మోరిస్ ఒక ముడి వేశాడు: ప్రత్యక్ష పన్నులు కూడా జనాభా లెక్కనే పడాలి. ఎక్కువ సీట్లు కావాలంటే ఎక్కువ పన్ను కట్టాలన్నమాట. ఉత్తర కరొలైనా తరఫున డేవీ లేచి, బానిసల్ని కనీసం ఐదింట మూడు వంతులన్నా లెక్కించకపోతే తమ రాష్ట్రం ఈ కూటమిలో చేరదని తేల్చేశాడు. బేరం ఆ అంకె దగ్గరే తెగింది.

దాని ఫలితం చూడాలంటే వర్జీనియా లెక్క వేసి చూడాలి. 1790లో అక్కడి జనాభా 7,47,610. అందులో బానిసలు 2,92,627 మంది. వాళ్లను తీసేస్తే స్వేచ్ఛగా ఉన్నవాళ్లు 4,54,983. బానిసల్లో ఐదింట మూడు వంతులంటే 1,75,576. రెండూ కలిపితే 6,30,559. 1792 చట్టం 33,000 మందికి ఒక సీటు చొప్పున, మిగిలిన భిన్నాన్ని వదిలేసి పంచింది. అలా వర్జీనియాకు 19 సీట్లు వచ్చాయి. బానిసల్ని లెక్కించకపోతే వచ్చేవి 13. మసాచుసెట్స్‌లో, అప్పట్లో దానిలో భాగమైన మెయిన్‌ను కలుపుకుని, 4,75,327 మంది ఉన్నారు, బానిసలు ఒక్కరూ లేరు. స్వేచ్ఛగా ఉన్నవాళ్లు వర్జీనియాలో కంటే 20 వేల మంది ఎక్కువే, అయినా దక్కింది 14 సీట్లు. ఈ రెండు వరుసల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా కడుపు రగులుతుంది. పైగా అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలక్టర్ల సంఖ్య కూడా ఈ సీట్లకు సెనేట్ సీట్లు రెండు కలిపితే వచ్చేదే. కాబట్టి వర్జీనియాకు 21, మసాచుసెట్స్‌కు 16.

మరి మోరిస్ వేసిన పన్ను ముడి ఏమైంది? ప్రభుత్వం ప్రధానంగా ఓడరేవుల్లో వసూలయ్యే సుంకాల మీదే నడిచింది. అంతర్యుద్ధానికి ముందు ప్రత్యక్ష పన్ను వేసింది 1798, 1813, 1815, 1816లో మాత్రమే. సీట్లు ఏటా ఉన్నాయి, వాటికి బదులు కట్టాల్సిన పన్ను దాదాపు లేదు. రాజీ అని పేరే గానీ, ఒక పక్షమే లాభపడింది. మోరిస్‌కు ఆగస్టు 8 నాటికే ఇది అర్థమైంది. వాళ్లు మనుషులైతే పౌరుల్ని చేసి ఓటు ఇవ్వండి, ఆస్తి అయితే ఇంకే ఆస్తినీ ఎందుకు లెక్కించరు అని నిలదీశాడు. సభ వినలేదు. ఆగస్టు 25న బానిసల దిగుమతిని 1808 దాకా ఆపకూడదని 7–4తో ఒప్పుకుంది. అంటే ఓడ దిగే ప్రతి ఐదుగురితో దక్షిణాది లెక్కలో మరో ముగ్గురు చేరే వీలు మరో ఇరవై ఏళ్లు ఉంటుంది.

1868లో పద్నాలుగో సవరణ ఈ భిన్నాన్ని కొట్టేసింది. ఇక నల్లవాళ్లు పూర్తిగా లెక్కలోకి వచ్చారు, దక్షిణాది సీట్లు ఇంకా పెరిగాయి, ఆ తర్వాత నల్లవాళ్ల ఓటును ఆ రాష్ట్రాలే లాగేసుకున్నాయి. ఓటు అడ్డుకున్న రాష్ట్రానికి సీట్లు తగ్గించాలని అదే సవరణ రెండో సెక్షన్‌లో ఉంది. దాన్ని ఏ రాష్ట్రం మీదా ఇప్పటిదాకా ప్రయోగించలేదు.