సైక్లోన్ అన్న మాట ఎక్కడ పుట్టిందంటే

మా బరంపురంలో అక్టోబర్ వస్తే ఇంట్లో తుఫాను అంటాం, పక్కింటి ఒడియావాళ్లు బాత్యా అంటారు, ఫోన్‌లో మెసేజ్ మాత్రం సైక్లోన్ అని వస్తుంది. మా మేనకోడలు ఇంగ్లీష్ పాఠం చదువుతూ దానర్థం ఏంటి మావయ్యా అని అడిగింది, సరే చూద్దామని కూర్చున్నా, ఇక లేవబుద్ధి కాలేదు.

ఈ మాటని తయారుచేసింది హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన, అదీ మన బంగాళాఖాతం ఒడ్డునే, కలకత్తాలో. ఓడ ప్రమాదాల మీద విచారణ చేసే కోర్టులో పనిచేసేవాడు, తుఫానులో చిక్కుకున్న ఓడల లాగ్ పుస్తకాలు తెప్పించుకుని ఏ గంటకి గాలి ఎటు నుంచి కొట్టిందో ఒక్కొక్కటే పోల్చి చూసేవాడు. అప్పటిదాకా ఉన్న గేల్, స్టార్మ్ లాంటి మాటలు గాలి ఎంత గట్టిగా ఉందో చెప్తాయి గానీ ఎలా తిరుగుతుందో చెప్పవు. నావికుడికి కావాల్సింది అదే కదా! అందుకే 1848లో నావికుల కోసం రాసిన పుస్తకంలో గ్రీకు మాట ఒకటి తీసుకుని సైక్లోన్ అని పెట్టాడు. ఆ గ్రీకు మాటకి వలయం అని, పాము చుట్ట అని అర్థం. పుస్తకంతో పాటు అవతలికి కనిపించే కార్డులు కూడా ఇచ్చాడు, మ్యాప్ మీద పెట్టి గాలి దిక్కుని బట్టి తుఫాను నడిబొడ్డు ఎటుందో చూసుకోవడానికి.

మన కోరంగి సంగతీ ఆయన రాశాడు, 1789 డిసెంబర్‌లో మూడు పెద్ద అలలొచ్చి ఊరిని ముంచేసిన సంగతి. చదువుతుంటే గుండె పట్టేసింది.

మాకిది పుస్తకాల్లో విషయం కాదు. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను మా పక్కనున్న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, గంటకి 200 కిలోమీటర్ల గాలి. మన వైపు తుఫాను గాలి గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది, అందుకే వాయవ్యంగా వచ్చే తుఫాను ముందు ఈశాన్యం నుంచి కొడుతుంది, నడిబొడ్డు మీదకొచ్చినప్పుడు గాలి చచ్చిపోతుంది, ఆకు కూడా కదలదు, కాసేపటికి నైరుతి నుంచి మళ్లీ అంత గాలీ వచ్చి పడుతుంది. మధ్యలో ఆగింది చూసి అయిపోయిందనుకుని పడవ చూసుకోడానికో రేకులు సర్దడానికో బయటికెళ్లినవాళ్లకే ప్రాణం మీదకొస్తుంది. గోపాల్‌పూర్ ఒడ్డున ఉండే మన తెలుగు జాలర్లకి, అదే ఒడియావాళ్లు నోలియాలనే వాళ్లకి, ఇది ఎవరూ నేర్పక్కర్లేదు, కానీ టౌన్లో పెరిగే పిల్లలకి తెలీదు, స్పెల్లింగ్‌తో పాటు ఈ తిరుగుడు కూడా చెప్పాలి.

ఇంకోటి, 1853లో కలకత్తా కింద మాతలా నది మీద కొత్త ఓడరేవు కడదామంటే పిడింగ్టన్ వద్దు, ఏదో ఒక రోజు సముద్రం లోపలికొచ్చి మొత్తం ఊడ్చేస్తుందని గవర్నర్ జనరల్‌కి ఉత్తరం రాశాడు. ఎవరూ వినలేదు, పోర్ట్ క్యానింగ్ కట్టారు. ఆయన 1858లో పోయాడు. 1867లో తుఫానొచ్చింది, ఉప్పెనకి ఆ రేవు నాశనమైపోయింది.