స్టీలుకి సన్న బెజ్జం పెట్టాలంటే

కత్తులు చేస్తానని చెబితే అందరూ పదును గురించే అడుగుతారు. పిడి గురించి ఎవరూ అడగరు. పిడి చెక్కలు రెండూ నిలబడేది 3 మి.మీ. పిన్నుల మీద. ఆ పిన్నులు దిగాలంటే ముందు స్టెయిన్‌లెస్ స్టీలుకి బెజ్జాలు పడాలి. అలుగు, అంటే పదును పెట్టే కత్తి పలక, ఆకారం కోసుకోవడం, రుద్దుకోవడం ఓపికుంటే అయ్యే పనే. డ్రిల్లు బిట్లు పుటుక్కుమని విరిగేది, కొత్తవాళ్లు విసుగొచ్చి మానేసేది ఈ బెజ్జాల దగ్గరే.

స్టెయిన్‌లెస్‌లో రకాలున్నాయి. వంటింటి గిన్నెలకి వాడే 304లో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం దాకా ఉంటాయి. దానికి అయస్కాంతం దాదాపుగా అంటుకోదు. ఎంత కాల్చి చల్లార్చినా గట్టిపడదు కాబట్టి అలుగుకి పనికిరాదు, పిడి మొదట్లో వేసే బోల్‌స్టర్‌కి మాత్రం బాగుంటుంది. అలుగుకి 440సి లాంటిది కావాలి. దీనికి అయస్కాంతం ఠక్కున అంటుకుంటుంది. మెత్తగా ఉన్నప్పుడే కొని, కోసి, బెజ్జాలన్నీ పెట్టేసి, ఆ తర్వాతే కాల్చి గట్టిపరిచే హీట్ ట్రీట్‌మెంట్‌కి పంపాలి. గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 58 హెచ్‌ఆర్‌సీకి చేరాక మామూలు హై స్పీడ్ స్టీలు, అదే హెచ్‌ఎస్‌ఎస్ బిట్టు దాని మీద జారుతుందే తప్ప దిగదు. అప్పుడిక కార్బైడ్ బిట్టే గతి. సన్న కార్బైడ్ బిట్టు చెయ్యి కాస్త వణికినా విరుగుతుంది.

కాల్చినా గట్టిపడని 304, బిట్టు కింద మాత్రం మొండికేస్తుంది. బిట్టు కోయకుండా ఊరికే రుద్దుకుంటే చాలు, ఆ పైపొర బిగుసుకుపోతుంది. పైగా వేడిని తొందరగా పక్కకి పోనివ్వదు. మామూలు ఇనుములో పోయే వేడిలో ఇందులో పోయేది మూడో వంతే. మిగతాదంతా బిట్టు కొన మీదే పడుతుంది. కొన మొద్దుబారుతుంది, బెజ్జం ముందుకి సాగదు, మనం స్పీడు పెంచుతాం. ఇక అంతే సంగతులు.

చెన్నై అయనావరంలో మా పక్కింటి బాబాయ్ గారు రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఆదివారం నేను మిషన్ ఆన్ చేస్తే ఆయన తన బాల్కనీలో పేపరు చదువుకుంటూనే నా పని వింటుంటారు. "అమ్మాయ్, అది అరుస్తోందంటే కొయ్యట్లేదని. ఆపి నూనె వెయ్యి," అని అక్కడి నుంచే కేకేస్తారు. చూడకుండా ఎలా చెబుతారో గానీ, ఎప్పుడూ ఆయన చెప్పిందే నిజం.

స్పీడుకో చిన్న లెక్కుంది. స్టెయిన్‌లెస్‌కి బిట్టు అంచు వేగం నిమిషానికి 12 మీటర్ల దగ్గర ఉంటే మంచిది. 12 మీటర్లంటే 12,000 మి.మీ., దాన్ని 3.14తోనూ, మి.మీ.లలో బిట్టు మందంతోనూ భాగించాలి. 3 మి.మీ. బిట్టుకి నిమిషానికి సుమారు 1,270 చుట్లు వస్తాయి, 6 మి.మీ.కి అందులో సగం. చేతి డ్రిల్లుతో ఈ అదుపు కష్టం. కప్పీల మీద బెల్టు మార్చుకునే చిన్న బెంచ్ డ్రిల్లు ఉంటే ప్రాణం హాయిగా ఉంటుంది.

బిట్ల కోసం నేను ఇక్కడి ప్యారిస్ కార్నర్ దగ్గర లింగిచెట్టి వీధికి వెళ్తాను. నా తమిళంలో నెల్లూరు యాస వినగానే షాపాయన తెలుగులోకి దిగిపోయి, "మీవారు ఏ సైజు తెమ్మన్నారమ్మా?" అన్నారు. నాకేనండీ అన్నాక గౌరవం కాస్త పెరిగి, ధర మాత్రం తగ్గలేదు. అడగాల్సింది ఎం35 రకం స్టీలు బిట్టు, అంటే 5 శాతం కోబాల్ట్ ఉన్నది, మొన కోణం 135 డిగ్రీలు. బంగారు రంగులో మెరిసే చవక సెట్ల జోలికి పోవద్దు. పూత పోయాక లోపలున్నది మామూలు బిట్టే. సన్న సైజులు ఒక్కోటి కాకుండా నాలుగైదు కొనుక్కోండి.

ఇక పని. బెజ్జం చోట గుంట గుర్తు పెట్టే సెంటర్ పంచ్ మెల్లగా కొట్టాలి, గట్టిగా కొడితే ఆ దెబ్బకే అక్కడి లోహం గట్టిపడుతుంది. రేకు కింద చెక్కముక్క పెట్టి రెండు క్లాంపులు బిగించాలి. చేత్తో పట్టుకుంటే బిట్టు అవతలికి దిగే క్షణంలో రేకుని లాక్కుని గిర్రున తిప్పుతుంది, వేళ్లు పోతాయి. చున్నీ తీసి పక్కన పెట్టడం, జడ ముడి వెయ్యడం, గాజులు తియ్యడం, అన్నీ మిషన్ ఆన్ చెయ్యకముందే. గ్లవ్స్ అస్సలొద్దు, కళ్లద్దాలు తప్పనిసరి.

కటింగ్ ఆయిల్ ఒక చుక్క వేసి, ధైర్యంగా దించాలి. బాగా కోస్తుంటే బిట్టు రెండు గాడుల లోంచి సన్నటి తీగలు మెలికలు తిరుగుతూ జంటగా పైకొస్తాయి. వెండి రంగులోనో, లేత గడ్డి రంగులోనో ఉంటే నిశ్చింత. నీలం తిరిగి పొగ లేస్తే వేడెక్కువైందని. తీగ ఆగిపోయి రజను రాలుతోందంటే బిట్టు రుద్దుతోందని, వెంటనే ఎత్తెయ్యాలి. మిల్లీమీటరు దిగినప్పుడల్లా పూర్తిగా పైకి లాగి, బ్రష్‌తో తుడిచి, మళ్లీ నూనె వేసి, మళ్లీ అదే బలంతో దించాలి. పైకి లాగితే ఒక్కసారిగా లాగాలి, దించితే కోస్తూ దించాలి. మధ్యలో తటపటాయిస్తూ బిట్టుని అడుగున తిప్పుతూ కూచోకూడదు. సన్న బిట్లు ఎక్కువగా విరిగేది గాడుల్లో తీగలు ఇరుక్కునే.

3 మి.మీ. పిన్నుకి నేను 3.1 బిట్టు వాడతాను. చెక్కలు సర్దుకోవడానికీ, ఎపాక్సీ జిగురు దిగడానికీ ఆ సందు కావాలి. చెక్కంటే టేకో, చింతో. నెల్లూరుదాన్ని కదా అని ఎర్రచందనం అడిగేవాళ్లున్నారు, నాకు జైలుకెళ్లే ఓపిక లేదు. బెజ్జం అంచుల్ని రెండు వైపులా కౌంటర్‌సింక్‌తో కాస్త వాలుగా తీసెయ్యాలి. పదునైన అంచు వదిలేస్తే హీట్ ట్రీట్‌మెంట్‌లో పగులు అక్కణ్ణుంచే మొదలవ్వచ్చు.

అంబత్తూరులో నేను అలుగులిచ్చే చోట వాటిని తీగకి వేలాడదీసి కొలిమిలో పెడతారు. అందుకని పిడి చివర 5 మి.మీ. బెజ్జం కూడా ఒకటి పెట్టి పంపుతాను. దానికి స్పీడు 760 చుట్లు చాలు, బెల్టు మార్చుకోవాలి.