అంచులోనే ఆగిపోయాయి

ఈరోజు మైక్రోస్కోప్ మీద నుంచి చాలాసేపు తల ఎత్తలేకపోయాను. క్లోమం (పాంక్రియాస్) క్యాన్సర్ కణితి స్లైడు. క్యాన్సర్‌తో పోరాడే రోగనిరోధక కణాలు, అంటే టీ కణాలు (T cells), గోధుమ రంగు పట్టి కనిపిస్తున్నాయి. అన్నీ అంచులోనే గుంపుగా ఆగిపోయాయి. లోపల ఒకే ఒక్కటి కనిపించింది. రెండుసార్లు లెక్కపెట్టాను.

మధ్యలో అంతా పీచులాంటి గట్టి కణజాలం. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో అంత బాగా పనిచేసిన ఇమ్యునోథెరపీ మందులు, అంటే రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందులు, ఇక్కడ చాలామందికి పనిచేయకపోవడానికి ఈ అడ్డు కూడా ఒక కారణం. చదివి తెలుసుకోవడం వేరు, కళ్ళతో చూడటం వేరు.

ఇదే క్లోమం క్యాన్సర్‌కి ఎంఆర్‌ఎన్‌ఏ టీకా ఇచ్చి చూసిన 2023 నాటి పరిశోధన పేపర్ మళ్ళీ తీశాను. ఆపరేషన్ తర్వాత టీకా తీసుకున్న 16 మందిలో 8 మందికి కణితిని గుర్తుపట్టే టీ కణాలు పుట్టాయి. చిన్న ట్రయల్, నిజమే. అయినా ఆ 8 మంది మనసులోంచి పోవట్లేదు.

స్లైడు మీద పేరుండదు, నంబరే. రేపు మళ్ళీ ఆ ఒక్క కణం దగ్గరికే వెళ్తాను. అది లోపలికి ఎలా వెళ్ళగలిగిందో చూడాలి.