పోపు ఒక్కటీ ఏ రోజుకారోజే: ఫ్రీజర్ వంటతో నా అనుభవం

గత జూన్‌లో మా ఆడపడుచు పురిటికని తెనాలి వచ్చింది. సాయం ఉండటానికి అత్తయ్యగారు ఇక్కడి నుంచి వెళ్లారు. దసరా దాకా రారు. పదేళ్లుగా మా ఇంట్లో వంట ఆవిడదే. నేను కూరలు తరిగి ఇచ్చేదాన్ని, సెలవు రోజున చికెన్ వండేదాన్ని, అంతవరకే. మేముండేది మియాపూర్‌లో, నేను పనిచేసే బ్యాంకు నాంపల్లిలో. పొద్దున ఎనిమిదిన్నరకి బయటపడితే ఇల్లు చేరేసరికి రాత్రి ఏడున్నర. మా ఆయనకి షిఫ్టులు. పెద్దాడు ఏడో తరగతి, చిన్నది రెండో తరగతి.

మొదటి రెండు వారాలు నాలుగున్నరకి లేచి రెండు పూటలకీ సరిపడా వండాలని చూశాను. ఒంట్లో సత్తువ చాల్లేదు. వారంలో మూడు నాలుగు రాత్రులు బయటి నుంచి తెప్పించాం. చిన్నదానికి వాంతులు పట్టుకున్నాయి. డాక్టరు గారు కొన్నాళ్లు బయటి తిండి మానెయ్యమన్నారు. ఆ రాత్రి దానికి జావ కాస్తూ పొయ్యి దగ్గరే ఏడ్చేశాను. పిల్లలకి ఇంత పప్పన్నం వండి పెట్టలేకపోతున్నానే అన్న బాధ మామూలుగా ఉండదు.

బ్యాంకులో నా పక్క సీటావిడ వాళ్ల అక్క డల్లాస్‌లో ఉంటుంది. ఆదివారం వండి ఫ్రీజర్‌లో పెట్టుకుని రెండు మూడు వారాలు నడుపుకొస్తుందట. ఆ మాట పట్టుకుని నేనూ మొదలుపెట్టాను.

మొదటి ఆదివారం పొద్దున ఆరింటికి పొయ్యి వెలిగిస్తే రెండయింది. బంగాళాదుంప కూర, గుత్తి వంకాయ, దోసకాయ పప్పు, ములక్కాడ సాంబారు, కోడిగుడ్ల పులుసు. స్టీలు డబ్బాల్లో అంచుదాకా నింపి, వేడి పూర్తిగా దిగకముందే లోపల పెట్టేశాను. డబ్బాలు చాలక సాంబారు పచ్చడి సీసాలో పోశాను. మంగళవారం రాత్రి తీసి చూస్తే సీసా నిలువునా చీలి ఉంది. స్టీలు డబ్బా మూత మంచుకి బిగుసుకుపోయి అట్లకాడతో కొట్టినా కదల్లేదు. కుళాయి కింద పట్టుకుని పట్టుకుని తీస్తే, బంగాళాదుంప ముక్క నీళ్లు కారుతూ స్పాంజిలా ఉంది. దోసకాయ పప్పు ఓ పక్క, నీళ్లు ఓ పక్క. గుడ్డులో తెల్లసొన రబ్బరు. పెద్దాడు ఏమీ అనలేదు. పెరుగన్నం కలుపుకుని తిని లేచాడు. వాడు ఏదైనా అని ఉంటేనే నయమనిపించింది.

ఎందుకిలా అయిందో తెలుసుకోకుండా మళ్లీ మొదలుపెట్టకూడదనుకున్నాను. నీళ్లు గడ్డ కడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, అందుకే సీసా పగిలింది. కూరగాయ ముక్కలోనూ జరిగేది అదే. ఫ్యాక్టరీల్లో మైనస్ 30, 40 డిగ్రీల చలిగాలిలో బఠాణీని నిమిషాల మీద గడ్డ కట్టిస్తారు. అప్పుడు లోపలి మంచు పలుకులు సన్నగా ఉంటాయి, గింజ చెడదు. మన ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉంటుంది. అందులో నెమ్మదిగా గడ్డ కడుతుంది కాబట్టి పలుకులు పెద్దవై ముక్కను లోపలి నుంచి చీల్చేస్తాయి. నీళ్లెక్కువుండే దోసకాయ, సొరకాయ, వంకాయ అందుకే పీచుపీచవుతాయి. ఇది అర్థమయ్యాక ఆలోచన మారింది. ముక్క లేనిది, మెత్తగా ఉడికి ముద్దయ్యేది ఏదైనా ఫ్రీజర్‌కి పనికొస్తుంది. మన వంటలో సగం అలాంటివే కదా!

అప్పటి నుంచి కూరలు వండి దాచడం మానేశాను. కూరలో ఎక్కువ సేపు పట్టే సగం పని చేసి దాచడం మొదలుపెట్టాను.

అన్నిటికంటే నన్ను ఆదుకున్నది ఉల్లి టమాటా మసాలా. రెండు కిలోల ఉల్లిపాయలు, రెండు కిలోల టమాటాలు, పావుకిలో అల్లం వెల్లుల్లి ముద్ద. అడుగు మందంగా ఉన్న గిన్నెలో నూనె వేసి, ముందు ఉల్లిపాయ బంగారు రంగు వచ్చేదాకా వేయించాలి. ఇక్కడ తొందరపడితే మూడు వారాల కూరలూ పచ్చి వాసనే. తర్వాత అల్లం వెల్లుల్లి, పసుపు, ఉప్పు, టమాటా. నూనె పైకి తేలి, గరిటెతో గీత గీస్తే ఆ గీత కాసేపు అలాగే నిలబడాలి. గంట పైనే పడుతుంది. నాలుగు కిలోల సరుకు సగానికి దిగుతుంది, ఒక్కోటి ఒక కూరకి సరిపోయేలా పది కవర్లవుతాయి. కారం, గరం మసాలా మాత్రం అప్పుడు వెయ్యను. ఉడికించిన సెనగలు కలిపితే ఒక కూర, పనీర్ వేస్తే ఒకటి, చికెన్ వేస్తే ఇంకొకటి, కాబట్టి వాటి కారం వాటిదే.

చల్లార్చడం దగ్గర బద్ధకించకూడదు. పెద్ద బేసిన్‌లో చల్లనీళ్లు పోసి, గిన్నె అందులో పెట్టి, ఫ్యాన్ కింద తిప్పుతూ ఉంటే గంటలోపే దిగుతుంది. ఏదైనా రెండు గంటల్లోపు లోపలికి చేరాల్సిందే. వేడిగా పెడితే పక్కనున్నవి కూడా కరిగి పాడవుతాయి.

తర్వాత జిప్ కవర్లో పోసి, గాలి పోయేలా అరచేత్తో నొక్కి, వేలెడు మందాన పలచగా పరిచి, స్టీలు పళ్లెం మీద పడుకోబెడతాను. మర్నాటికి పలకలా గట్టిపడుతుంది. చిన్నది వాటికి పలకలనే పేరు పెట్టింది, మా ఇంట్లో ఇప్పటికీ అదే పేరు. గట్టిపడ్డాక పుస్తకాల్లా నిలబెడితే డబుల్ డోర్ ఫ్రిజ్ పైఅరలో పాతిక దాకా పడతాయి. పలచగా ఉంటాయి కాబట్టి త్వరగా గడ్డ కడతాయి, త్వరగా కరుగుతాయి. మార్కర్‌తో పేరూ తేదీ రాయడం చిన్నదాని పని. ఒకసారి రాయకుండా పెట్టి, గోంగూర అనుకుని పాలకూర ముద్ద తీశాను. నాన్‌వెజ్ రోజు అందరి ఉత్సాహం నీరుగారిపోయింది.

మిగతావి అంత కష్టం కాదు. నూనెలో మగ్గించిన గోంగూర, ఐస్ ట్రేలో చింతపండు గుజ్జు, తురిమిన కొబ్బరి, సగం కాల్చి మధ్యలో బటర్ పేపర్ పెట్టిన చపాతీలు. ఇడ్లీలయితే ముందు పళ్లెంలో విడివిడిగా గడ్డ కట్టించి తర్వాత కవర్లో వేస్తాను. కరిగించకుండానే ఆవిరి మీద పది నిమిషాలు ఉంచితే దూదిలా ఉంటాయి. పసుపు, ఉప్పు పట్టించిన పచ్చి చికెన్ రెండు కవర్లు. అన్నం మాత్రం దాచను. ఇరవై నిమిషాల్లో కుక్కర్లో అయ్యేదానికి దాపరికం ఎందుకు?

రేపటికి కావాల్సిన పలకను రాత్రే కింది ఫ్రిజ్‌లోకి దించుతాను. పచ్చి చికెన్ అయితే అన్నిటికంటే కింద, గిన్నెలో పెట్టి, నీరు మిగతావాటి మీద కారకుండా. గట్టు మీద వదిలేసి ఆఫీసుకి పోవడం పనికిరాదు. చలికి క్రిములు చావవు, నిద్రపోతాయంతే, వేడి తగిలితే లేస్తాయి. అందుకే ఒకసారి కరిగించింది మళ్లీ గడ్డ కట్టించను, పొయ్యి మీద కుతకుతా ఉడకనిస్తాను.

ఇక పప్పు. నా మనసులో అసలు వంటంటే ఇదే. కిలో కందిపప్పు కుక్కర్లో రెండు వాయిలుగా ఉడికించి, మెదిపి, పలకలు చేశాను. మొదటిసారి పోపు కూడా పెట్టేసి దాచాను. తీసి వేడి చేస్తే కరివేపాకు నల్లగా చచ్చిపోయి ఉంది. ఇంగువ జాడే లేదు. కడుపు నిండుతుంది కానీ నిన్నటి వంట తిన్నట్టు ఉంది. రెండోసారి ఒట్టి పప్పే దాచాను. రాత్రి ఎనిమిదింటికి పలక గిన్నెలో వేసి, చింతపండు ముక్కొకటి, నీళ్లు పోసి మరిగిస్తూ, పక్కన మూకుట్లో నెయ్యి వేశాను. ఆవాలు చిటపటలాడాక జీలకర్ర, చిదిమిన వెల్లుల్లి, ఎండుమిరపకాయ, ఇంగువ, తడి ఆరని కరివేపాకు రెబ్బ. ఆ చుయ్‌మన్న చప్పుడుకి పెద్దాడు గదిలోంచే "అమ్మా, ఇవాళ ఏం పప్పు?" అని కేకేశాడు. ఆ వారమంతా వాడు అన్నం గురించి అడగడం అదే మొదటిసారి. పోపుకి పట్టేది మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలూ నేను ఎంత అలిసిపోయినా వదులుకోను.

జులైలో ఒక రాత్రి గాలివానకి కరెంటు పోయి తెల్లారేదాకా రాలేదు. చాలా టెన్షన్ పడ్డాను, కానీ తలుపు ముట్టుకోలేదు. తలుపు తియ్యకపోతే నిండుగా ఉన్న ఫ్రీజర్ దాదాపు రెండు రోజులు, సగం ఉన్నది దాదాపు ఒక రోజు చలి ఆపుతుంది. పొద్దున చూస్తే అన్నీ రాళ్లలానే ఉన్నాయి. దసరాకి తెనాలి వెళ్లేటప్పుడు మాత్రం ఒక కప్పులో నీళ్లు గడ్డ కట్టించి, దాని మీద రూపాయి బిళ్ల పెట్టి వెళ్లాను. వచ్చేసరికి బిళ్ల పైనే ఉంది. లోపలికి దిగి ఉంటే మధ్యలో అంతా కరిగి మళ్లీ గడ్డ కట్టిందన్నమాట, అలాంటివి పారెయ్యడమే.

అత్తయ్యగారు మాతోనే వచ్చారు. ఫోన్లో చాలాసార్లు "నిల్వ కూరలు పిల్లలకెందుకమ్మాయ్" అన్న మనిషి. వచ్చిన రాత్రి ఫ్రీజర్ తీసి, పలకలన్నీ ఒక్కొక్కటే బయటికి లాగి చూశారు. నేను పప్పు మరగబెడుతుంటే మూకుడు ఆవిడే అందుకుని పోపు పెట్టారు. భోజనాల దగ్గర అడిగారు.

"పప్పు ఎప్పుడు ఉడికించావు?"

"పోయిన నెల 20న, అత్తయ్యా."

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇంకో గరిటె వేసుకున్నారు.

కార్తీక మాసంలో పూజలకి కొట్టిన కొబ్బరి చిప్పలు ప్రతి ఏడాదీ మా ఇంట్లో సగం ఎండిపోయేవి. ఈసారి బ్యాంకు నుంచి వచ్చి చూస్తే ఫ్రీజర్‌లో నేను పెట్టని పలకలు నాలుగున్నాయి. సన్నగా తురిమిన కొబ్బరి, గాలి లేకుండా నొక్కి, సమంగా పరిచినవి. వాటి మీద అత్తయ్యగారి గుండ్రటి అక్షరాలు: "కార్తీక సోమవారం కొబ్బరి."