నాలుగు నిమిషాలు

చిన్నోడు ఈ సాయంత్రం నేను చెయ్యి వదిలేసినా పడకుండా వీధి చివరిదాకా సైకిలు తొక్కినాడు. రాస్తే దాని గురించే రాయాల. కానీ పదకొండున్నర దాటినా నిద్ర పట్టనియ్యకుండా చేస్తున్నది అది కాదు, ఆఫీసులో వేలిముద్ర మిషను.

మళ్లీ అదే గొడవ అనుకుంటారు, తెలుసు. పొద్దున తిరుపతి లీలామహల్ సర్కిల్లో ఆటో దిగి, పరుగు లాంటి నడకతో పోయి వేలు పెట్టేటప్పటికి ఫోన్లో 9:28. మిషన్లో 9:32. తొమ్మిదిన్నర దాటితే లేటు, మూడు లేట్లకు అర పూట సెలవు కోత. ఇది మూడోది. ఫోను తీసి సూపరింటెండెంటు సారు ముందు పెట్టినాను. "సార్, మిషను నాలుగు నిమిషాలు ముందుంది" అన్నాను. ఆయన ఫోను వైపు చూడను కూడా చూళ్లేదు. "మిషన్ తప్పు చెప్పదు మేడమ్" అన్నాడు. సెలవు పోయినందుకు బాధ లేదని కాదు. కానీ దానికన్నా ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. "సాయంత్రం నాలుగు నిమిషాలు ముందే వదిలిపెడుతుంది కదా, లెక్క సరిపోయింది" అనింది పక్క సీటక్క. సరిపోదు. లేటు మార్కు పడేది పొద్దున్నే.

ఆ కోపంతోనే ఇంటికొచ్చి, స్టూలెక్కి, హాల్లో గడియారం సరిచేసేసినా. అమ్మ దాన్ని ఎప్పుడూ పది నిమిషాలు ముందు పెట్టుకుంటుంది. "ఈ ఇంట్లో అయినా ఒక గడియారం నిజం చెప్పనీ" అన్నాను. అమ్మ మొహం చిన్నబోయింది. "పది ముందుండాదని ఇంట్లో అందరికీ తెలుసు కదా పాపా, దాంతో ఎవురికి నష్టం?" అనింది. నేను పలకలేదు.

అన్నం తింటా ఉంటే తాత గుర్తొచ్చినాడు. పాకాల జంక్షన్లో రైలు గార్డుగా చేసి రిటైరైన మనిషి. బండి కదిలే ముందు గార్డు తన వాచీని స్టేషను గడియారంతో సరిపెట్టుకుని, ఆ టైము డ్రైవరుకు చెప్పాల. డ్రైవరు దాన్నిబట్టి తన వాచీ పెట్టుకోవాల. స్టేషను గడియారాలకేమో రోజూ సాయంత్రం నాలుగింటికి పైనుంచి టైము అందుతుంది. ఇదంతా రైల్వే రూలు. రిటైరైనాక ఆయనకు స్టేషను గడియారం లేదు, కడప రేడియో ఉండేది. వార్తల ముందు టైము తెలిపేదానికి వచ్చే పిప్పుల్లో చివరిదానికి వాచీ చూసుకుని, గోడ క్యాలెండరులో ఆ తేదీ గడిలో పెన్సిలుతో రాసేవాడు: "12 సె. వెనక". మరుసటి రోజు "15 సె. వెనక". అదే గడిలో పైన అవ్వ పాల లెక్క ఉండేది. వేసవి సెలవల్లో పోతే ఆ పెన్సిలు నా చేతికిచ్చేవాడు, పిప్పు పిప్పుకీ గుండె కొట్టుకునేది నాకు. "ముల్లు తిప్పి సరిచేసుకోవచ్చు కదా తాతా?" అని ఒకసారి అడిగినా. "తిప్పితే ఈ రోజుకు సరిపోతాది. రాసుకుంటే ఇది రోజుకెంత వెనకబడతాదో తెలుస్తాది" అన్నాడు.

చిన్నోడు పడుకున్నాక, ప్రపంచానికంతా టైము యాడినుంచి వస్తుందో చదవడం మొదలుపెట్టినా. ఎక్కడో ఒక పెద్ద గడియారం ఉంటుంది, అదే సరైనది అని ప్రింటు తీసి సారు టేబులు మీద పెట్టాలని.

అట్లాంటి గడియారం లేదంట. ప్యారిస్ పక్కన సెవ్ర్‌లో తూనికలు కొలతల అంతర్జాతీయ సంస్థ ఉంది. సుమారు 80 ల్యాబుల్లో ఉన్న 400కు పైగా అణు గడియారాలను పోల్చి, సగటు తీస్తారు అక్కడ. ఆ సగటులో ఎక్కువ తూకం దక్కేది నిలకడగా నడిచేదానికి. అందులోంచే యూటీసీ, అంటే ప్రపంచమంతా లెక్కకు పెట్టుకునే టైము, లెక్కగడతారు, దానికి ఐదున్నర గంటలు కలిపితే మన టైము. నెలనెలా 'సర్క్యులర్ టి' అని ఒక పట్టిక వేస్తారు. ఏ ల్యాబు టైము యూటీసీకి ఎన్ని నానోసెకన్లు తేడాగా ఉందో, ఐదేసి రోజులకొక లెక్క. ఢిల్లీలో మన టైము చూసుకునే నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ పేరు కూడా ఆ పట్టికలో ఉంటుంది. తాత క్యాలెండరే కదా ఇది!

భూమి కూడా కుదురుగా తిరగదు. దాంతో సరిపోయేదానికి యూటీసీకి 1972 నుంచి ఇప్పటికి 27 సార్లు ఒక్కో సెకను కలిపినారు. చివరిసారి మనకు 2017 జనవరి 1 తెల్లవారుజామున, 5:29:59 తర్వాత 5:29:60 వచ్చి, ఆ తర్వాతే 5:30 అయింది. నేను నిద్రలో ఉన్నా. తాత అప్పటికే లేడు. ఉండుంటే వాచీ, పెన్సిలు పట్టుకుని కూర్చోనుండేవాడు. 2035 లోపల ఈ పద్ధతి మార్చాలని కూడా తీర్మానం చేసినారంట.

సూర్యుణ్ణి అడిగితే తిరుపతిలో మన ఫోన్లు కూడా సరి కాదు. దేశం టైము 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది, మనం దానికి మూడు డిగ్రీలు పడమర. సగటున 12 నిమిషాలు ఆలస్యంగా మనకు నడినెత్తికి వస్తాడు.

ఇంతసేపూ మిషను తప్పని రాస్తా వచ్చినా. ఇప్పుడు అట్ల అనిపించడం లేదు. నాలుగు నిమిషాలు ముందుండడంలో ఏముంది, తేడా లేని గడియారమే లేనప్పుడు? ఆ నాలుగు ఎక్కడా రాసి లేదు, అదీ సంగతి. అమ్మ పది అందరికీ తెలుసు, ఇన్నేళ్లలో ఆ గడియారం వల్ల ఎవరికీ బస్సు తప్పిపోలేదు. సారు చేతిలో ఆ మిషను పాస్‌వర్డు లేదేమో కూడా. లేకపోతే పోయింది, ఫోను వైపు ఒక్కసారి చూసి "అవును, నాలుగు" అని ఉండొచ్చు కదా.

ఇందాక చప్పుడు కాకుండా స్టూలు వేసుకుని గడియారం మళ్లీ పది ముందుకు తిప్పి వచ్చినా. అమ్మ మేలుకునే ఉంది, ఏమీ అనలేదు. చిన్నోడి పాత నోటుబుక్కు ఒకటి, పెన్సిలు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నా. మొదటి పేజీలో ఈ రోజు తేదీ వేసి రాసినా: "ఆఫీసు మిషను, 4 ని. ముందు".